కడగని కంచం

రామస్వామి అన్న ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నడుము ఇరవై ఎనిమిది. ఛాతీ ముప్పై రెండు, అది కూడా ఊపిరి బిగబట్టి నిలబడితేనే. ఈ కొలతలు ఆయన కన్నతల్లికైనా తెలియవు గానీ నాకు తెలుసు. ఆయన అంగీలన్నీ కుట్టింది నేనే. కోరుట్లలో దస్తగిర్ టైలర్ ఎక్కడ అంటే ఆ రోజుల్లో మూడు వీధుల అవతలివాళ్ళు కూడా చూపించేవాళ్ళు. నా కుట్టు కోసం కాదు, నా కబుర్ల కోసం.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతం అని ప్రకటించి అప్పటికి ఆరేడేళ్ళయింది. అంతకుముందు కల్లోలం లేదని కాదు. అప్పుడు దాన్ని దొరలు చేసేవాళ్ళు కాబట్టి పరిపాలన అనేవాళ్ళు. తర్వాత ఊరూరా సంఘాలు లేచాయి. దొరలు గడీలకు తాళాలేసి పట్నం బాట పట్టారు. ఖాళీ గడీలు పాడైపోతాయేమోనని సర్కారు దిగులుపడి వాటిలో పోలీసులను పెట్టింది.

ఆ సంఘాలకు కోరుట్ల, జగిత్యాల దిక్కున పెద్ద రామస్వామి అన్న. అడవిలోకి పోకముందు బుగ్గారం దగ్గర బడిపంతులు. తుపాకి పట్టినా పంతులుతనం పోలేదు. ఏది జరిగినా దాని మీద ఒక సర్క్యులర్ రాసేవాడు. సారా మీద సర్క్యులర్, కూలిరేట్ల మీద సర్క్యులర్, దళంలో గురక మీద సర్క్యులర్. వాటిని నేను అంగీల అంచుల్లో, కాలర్ మడతల్లో పెట్టి కుట్టి ఊళ్ళకు చేరవేసేవాణ్ణి. సర్క్యులర్ పొడుగైతే కాలర్ మెడకు గుచ్చుకునేది. తొడుక్కున్నవాళ్ళు తల నిటారుగా పెట్టి నడిచేవాళ్ళు. చైతన్యం అంటే ఇదే కాబోలు అనుకునేవాణ్ణి.

పోలీసుల దగ్గర ఆయన ఫోటో లేదు. ఒకనాడు ఒక ఎస్సై ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి నా దుకాణంలోకి వచ్చాడు. సర్కారు ఉప్పు తిన్న నడుము, ఏటా రెండంగుళాలు పెరిగేది.

"ఏయ్ దస్తగిర్, రామస్వామిని ఎప్పుడన్న చూసినవా?" అన్నాడు.

చూశాను అంటే లోపలేస్తాడు. ఏమీ తెలియదంటే అనుమానపడతాడు. అందుకని మధ్యలో నిలబడ్డాను.

"తోబా తోబా, నేనేడ చూస్త సార్! అడవికి తునికాకుకు పోయిన ఆడోళ్ళు చూసిన్రంట. ఏడడుగులుంటడంట. గడీ గోడ ఒక్క దుంకుకు దాటుతడంట. గొడ్డలితోని కొడితే గొడ్డలే విరుగుతదంట. తూటా తగిలితే తూటానే వంగుతదంట."

ఎస్సై 'ఏడడుగులు' అని అరచేతి మీద రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి మా దిక్కు పొడుగ్గా పుట్టినవాళ్ళకు కష్టాలు మొదలయ్యాయి. మెట్‌పల్లిలో వాలీబాల్ ఆడే ఒక పిల్లగాణ్ణి మూడుసార్లు పట్టుకుపోయారు. నాలుగోసారి అతనే ఠాణాకు పోయి కూర్చున్నాడు, దారి ఖర్చు కలిసొస్తుందని. అదే వారం రామస్వామి అన్న సైకిలు మీద పోలీసుల నాకాబందీ ముందు నుంచే పోతుంటే ఆపారు. జీపు స్టార్టు కావడం లేదు, కొంచెం నెట్టమన్నారు. ఆయన నెట్టాడు. పాపం, ఊపిరి బిగబట్టి నెట్టాడు.

ఎస్సైకి చెప్పిన అబద్ధం ఎస్సై దగ్గరే ఆగితే బాగుండేది. నాకు అది మరీ నచ్చింది. సంతలో చెప్పాను, హోటల్లో చెప్పాను, అంగీ కొలత తీసుకుంటూ మెడ చుట్టూ టేపు వేసి మరీ చెప్పాను. వినకుండా ఎక్కడికి పోతారు? బస్సు పోని ఊళ్ళకు కూడా అది నడిచిపోయింది.

ఇప్పుడు కంచం సంగతి చెప్పాలి. అన్నలకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ ఇంట్లో తింటే ఆ ఇంట్లో తమ కంచం తామే కడిగి బోర్లించాలి. మా దిక్కు మగవాడు తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోతాడు. ఆ కంచం తర్వాత ఎక్కడికి పోతుందో, మళ్ళీ పూటకు ఎట్లా మెరుస్తూ వస్తుందో అతనికి తెలియని రహస్యం. అట్లాంటి చోట తుపాకి గోడకు ఆనించి ఒక మగవాడు బూడిదతో కంచం తోముతుంటే ఆడవాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. భూమి పంచుతామంటే అనుమానపడ్డవాళ్ళే కంచం కడిగేసరికి సంఘంలో చేరిపోయారు. చరిత్ర రాసేవాళ్ళు మిగతా కారణాలు చాలా రాస్తారు. రాసుకోనీ.

ఈ కట్టుబాటు పోలీసులకు తెలిసింది. కంచం కడిగే మగవాడు కనిపిస్తే పట్టుకోండి అని హుకుం. మొదటి వారంలో ముగ్గురు దొరికారు. ఒకడు కొత్త పెండ్లికొడుకు. పెండ్లాం చేతులకు గోరింటాకు ఉందని జాలిపడి కడిగాడు. రెండోవాడు భార్య పోయిన ముసలాయన. ఆయన కంచం ఆయన కాక ఇంకెవరు కడగాలి? మూడోవాడు ఎస్సై సొంత డ్రైవరు. ఆ నెలలో కోరుట్ల చుట్టుపక్కల పెండ్లాం మీద ప్రేమ చూపడం రాజద్రోహం కింద లెక్క.

ముగ్గురూ అమాయకులే. కానీ నాలుగోవాడు నిజంగా మనవాడే అయితే? రామస్వామి అన్న వెంటనే పదకొండో సర్క్యులర్ రాశాడు: 'ఇకమీదట కామ్రేడ్లు ఎవరూ తిన్న కంచం కడగరాదు. శత్రువు గుర్తుపడుతున్నాడు.' కోరుట్ల, జగిత్యాల ఊళ్ళకు అది చేరింది. మగ కామ్రేడ్లు ఇంత తొందరగా, ఇంత నిష్ఠగా పాటించిన సర్క్యులర్ మళ్ళీ రాలేదు.

సిరిసిల్ల దిక్కు మాత్రం ఇంకా పోలేదు. అప్పుడే మా దిక్కు పోలీసుల తాకిడి పెరిగి, అన్న కొన్నాళ్ళు ఆ దిక్కుకే మారి అక్కడి సంఘాలకు కూడా పెద్దగా ఉండాలని నిర్ణయం అయింది, ఆ కబురు ముందే పోయింది. పదకొండో సర్క్యులర్‌ను ఆయన అంగీ అంచులోనే పెట్టి కుట్టాను. ఇద్దరం వేరువేరు సీట్లలో కూర్చుని కోరుట్ల నుంచి బస్సులో సిరిసిల్ల చేరాం. అక్కడి నుంచి వీర్నపల్లి అవతల ఒక ఊరికి పోవాలి. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళకు నా మీద ఇంకా కోపం ఉంది. ఆ ఊరి సంఘంలో అన్న ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు. ఆయన సర్క్యులర్లు తెలుసు, నా కథలు తెలుసు.

"మీరు ముందు పొండ్రి అన్నా. సత్యవ్వ అని బీడీలు చేసే ఆమె ఇల్లు. సంకేతం చెప్పుండ్రి, అన్నం పెడ్తది. నేను గుండీలు, దారం కొనుక్కొని ఎన్కనే వస్త," అన్నాను.

గుండీలు కొనడానికి పావుగంట పట్టింది. తర్వాత ఒక హోటల్లో చాయ్ తాగుతుంటే నలుగురు మరమగ్గాల పనివాళ్ళు రామస్వామి అన్న గురించి మాట్లాడుకుంటున్నారు. అంతా తప్పులతడక. ఆరడుగులే అంటున్నారు. నేను సరిదిద్దకపోతే ఎట్లా? రెండు గంటలు సరిదిద్దాను.

నేను ఊరు చేరేసరికి జెండా గద్దె దగ్గర జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని హన్మండ్లు నిలబడ్డాడు. హన్మండ్లు సంఘం అధ్యక్షుడు. మూడెకరాల పొలం, ముప్పై ఎకరాలకు వినిపించే గొంతు.

"రా రా దస్తగిర్ భాయ్! మంచి టయానికచ్చినవ్. పోలీసోన్ని పట్టినం. మామూలోడు గాదు. నేనే రామస్వామన్ననని చెప్పుకుంట వచ్చిండు!"

నా చేతిలో గుండీల పొట్లం జారి కిందపడింది.

గద్దెకు కొద్ది దూరంలో వేపచెట్టుకు కట్టేసి ఉన్నాడు మా నాయకుడు. కళ్ళద్దాలు ఒక చెవికే వేలాడుతున్నాయి. అంగీ అంచు చిరిగి ఉంది. నన్ను చూసి ఆయన ముఖం కొంచెం వెలిగింది. పాపం, నా మీద అంత నమ్మకం.

జరిగింది సత్యవ్వే చెప్పింది. ఆమె నలభై ఏళ్ళ మనిషి, మొగుడు లేడు. నెల కింద ఇద్దరు మఫ్టీ పోలీసులు అన్నల వేషంలో ఆమె ఇంటికి వచ్చారు. సంకేతం సరిగ్గానే చెప్పారు. కోడిని కోయించుకుని తిన్నారు. తెల్లారి జీపు వచ్చి ఆమె మరిది మల్లేశాన్ని ఎత్తుకుపోయింది. ఇంకా జైల్లోనే ఉన్నాడు.

"గా ఇద్దరు లంగలు తిన్న కంచాలు గక్కడనే ఇడ్సి పోయిండ్రు భాయ్. గప్పుడే నాకు సమజ్ కావాలె. కాలే. నా మరిది పాయె. గందుకే ఒట్టు వెట్టుకున్న. సంకేతం గింకేతం కాదు, కంచం కడిగినోడే అన్న. కడగనోడు పోలీసోడు. గీయన పదకొండు గంటలకు అచ్చిండు. మక్క గట్క వెట్టిన, పచ్చిపులుసు వోసిన. సుబ్బరంగ తిన్నడు. కంచం వట్టుకొని సగం లేసిండు. మల్ల ఏమనుకున్నడో ఏమో, కింద వెట్టిండు. చెయ్యి తువ్వాలకు తుడ్సుకున్నడు."

"అయితే?"

"మంచినీళ్ళు గావాల్నా అన్న. వద్దక్కా అన్నడు. ఇంకేమన్న మర్సిపోయినవా అన్న. లేదక్కా అన్నడు. గట్లనా అని బయటికచ్చి గొళ్ళెం వెట్టి హన్మండ్లును పిలిసిన."

ఇంతకంటే పకడ్బందీ దర్యాప్తు ఏ ఠాణాలోనూ జరగలేదు.

"అది కాదక్కా! కంచం కడగొద్దని సర్క్యులర్ వచ్చింది. అది ఈయన అంగీ అంచులనే ఉన్నది," అన్నాను.

"చూసినం," అన్నాడు హన్మండ్లు, జేబులోంచి నలిగిన కాయితం తీసి. "కరెక్టుగ అన్న చేతిరాతే. అంటే అన్న దగ్గెర దొంగతనం జేసిండు. లేదంటే అన్ననే పట్టుకొని గుంజుకున్నడు. ఇప్పుడు చెప్పు, ఇది చిన్న నేరమా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. గద్దె ఎక్కి గట్టిగా చెప్పాను. "హన్మండ్లూ, అక్కా, అందరు వినుండ్రి. గీయననే రామస్వామన్న! నా చేతులతోని కొలతలు తీసుకున్న. అల్లా కసమ్!"

ఊరంతా పడీపడీ నవ్వింది.

"దస్తగిర్ భాయ్‌కు గీ టయంల సుత పరాచికాలే!" అన్నాడు ఒకడు.

"ఏడడుగులని నువ్వే జెప్పితివి గదనయ్యా?" అన్నాడు ఇంకొకడు. "గీయన నా బొడ్డు కాడికున్నడు."

"అది అబద్ధం! పోలీసులను పిచ్చోళ్ళను జెయ్యడానికి చెప్పిన!"

"మమ్ముల గూడ పిచ్చోళ్ళను జెయ్యకు మల్ల," అన్నాడు హన్మండ్లు నవ్వు ఆపుకుంటూ. "పోయిన పీర్ల పండుగకు నువ్వు చెప్పిన గోడ దుంకే కత నా మన్మడు రోజు చెప్పిచ్చుకుంటడు. గంత వివరంగ చెప్పినవ్. అబద్ధం గంత వివరంగ ఎవడన్న చెప్తడా?"

నలభై ఏళ్ళుగా నా మాటలు జనం నమ్మాలని నేను పడ్డ కష్టమంతా ఆ రోజు ఒక్కసారే ఫలించింది.

రామస్వామి అన్న గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్స్," అని మొదలుపెట్టాడు. "మీ అప్రమత్తత హర్షించదగ్గది. కానీ నిర్దిష్ట పరిస్థితులను నిర్దిష్టంగ విశ్లేషించకుంటే..."

"అబ్బ, పాఠం మంచిగనే నేర్పిచ్చిండ్రు డిపార్ట్‌మెంటోళ్ళు," అంది ఒక ఆడమనిషి.

అప్పుడు వెనక నుంచి ఒకాయన గొడ్డలి పట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన ముఖంలో కోపమే లేదు. పరీక్ష పెట్టబోయే పంతులులాగా ప్రశాంతంగా ఉన్నాడు.

"గింత లొల్లి ఎందుకు? రామస్వామన్నను గొడ్డలితోని కొడితే గొడ్డలే ఇరుగుతదంటరు గదా. ఒక్కసారి కొట్టి చూద్దాం. ఇరిగితే అన్న. ఇరగకుంటే..."

అందరికీ న్యాయంగా తోచింది. నా నోటి నుంచి వచ్చిన గొడ్డలి అది. రామస్వామి అన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఇంకా నొప్పి. 'ఇది కూడా నువ్వు చెప్పిందేనా భాయ్?' అన్నట్టు చూశాడు. ఆ కథ ఆయన వినలేదు. తన గురించి తనకే తెలియని నాయకుడు.

"ఆగుండ్రి!" అని అరిచాను. "హన్మండ్లూ, నాలుగో సర్క్యులర్ యాదికి తెచ్చుకో. పోలీసు ఏజెంటును ఏ సంఘం సొంతంగ శిక్షించరాదు. ఏరియా నాయకుని చిట్టీ ఉండాలె. ఉన్నదా, లేదా?"

హన్మండ్లు కాయితం అంటే ప్రాణం పెట్టే మనిషి. సర్క్యులర్లన్నీ వరుసగా దబ్బనంతో కుట్టి పెట్టుకున్నాడు. గొడ్డలాయన్ను చేత్తో ఆపాడు.

"ఉన్నది. గీ ఏరియాకు ఇప్పుడు పెద్ద ఎవ్వలు?"

"రామస్వామన్న," అన్నారు అందరూ.

"అయితే అన్న దగ్గెరికి పోయి చిట్టీ తేవాలె. అన్న ఏడున్నడో ఎరుకైనోడు దస్తగిర్ భాయ్ ఒక్కడే. పో భాయ్. పొద్దుగూకే లోపట రావాలె. రాకుంటే మాకు ఎరుకున్న తీర్పు మేం జేస్తం."

అన్న ఎక్కడున్నాడో నాకు నిజంగానే తెలుసు. ఏడు గజాల దూరంలో వేపచెట్టుకు ఉన్నాడు. అయినా చిట్టీ కోసం అడవి దిక్కు బయలుదేరాను.

నేను పోతుంటే చూశాను, ఆయన్ను చెట్టు నుంచి విప్పి, గద్దెకు ఎదురుగానే ఉన్న హన్మండ్లు పశువుల కొట్టంలో వేశారు. వాకిట్లో సత్యవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. గుట్ట ఎక్కి, ఎవరూ చూడని చోట దిగి, జొన్నచేను మధ్య నుంచి పాక్కుంటూ కొట్టం వెనక్కి చేరాను. తడిక గోడలో జానెడు సందు ఉంది.

"అన్నా!" అన్నాను గుసగుసగా. నా కొలతల పుస్తకంలోంచి కాయితాలు చించి, పెన్సిలుతో పాటు లోపలికి తోశాను. "రాయండ్రి. గీ మనిషి అమాయకుడు, ఇడ్సిపెట్టుండ్రి అని రాసి సంతకం వెట్టుండ్రి. ఒక్క ముక్క చాలు."

లోపల కాయితాలు నేల మీద పెట్టిన చప్పుడు.

"నేను రాయ," అన్నాడు.

"ఏంది?"

"నా కేసుల నేనే తీర్పు చెప్పుడేంది దస్తగిర్ భాయ్? పట్నం పారిపోయిన జగన్మోహన్ రావు దొర ఏం జేసెటోడు? తప్పు ఆయనదే, పంచాయితీ పెద్ద ఆయనే, తీర్పు ఆయనే. మనం గందుకే గదా కొట్లాడింది. నేను గడీల కూసుంటనా?"

"అన్నా, మీరు గడీల లేరు, పశువుల కొట్టంల ఉన్నరు! బయట గొడ్డలున్నది!"

"సూత్రం సూత్రమే."

గోడకు తల కొట్టుకుందామనుకున్నాను. చప్పుడవుతుందని మానుకున్నాను. పోలీసుల నుంచి నాయకుణ్ణి కాపాడటం నాకు తెలుసు, జనం నుంచి కాపాడటం ఆ రోజు నేర్చుకుంటున్నాను. కానీ నాయకుణ్ణి ఆయన సూత్రం నుంచి కాపాడటం ఏ టైలరు వల్ల అవుతుంది?

"దొర తప్పు జేసి తప్పిచ్చుకున్నడు. మీరు తప్పు జెయ్యకుండ చస్తున్నరు. రెండు ఒకటెట్లయితయి అన్నా?"

"తప్పు జెయ్యలేదని ఎవరన్నరు?" ఆయన గొంతు మారింది. "గామె మరిదిని పట్టిచ్చింది ఎవ్వలు? కంచం కడగనోళ్ళు. గామె తన మంది కోసం ఒక పరీక్ష కనిపెట్టుకున్నది. మనం అడివిల కూసోని, ఒక్క ఆడమనిషిని గూడ అడగకుండ, గా పరీక్షను ఒక్క కాయితంతోని చెరిపేసినం. కంచం మనదే అనుకున్నం. అన్నం పెట్టెటోళ్ళది గూడ. గామె నన్ను పట్టుకున్నది నూటికి నూరు పాళ్ళు సరైందే."

నాకు అప్పుడు దారి దొరికింది.

"అయితే గదే రాయండ్రి. తీర్పు గాదు. ఆత్మవిమర్శ."

లోపల పెన్సిలు కదిలిన చప్పుడు. ఆ మాట వింటే ఆయన చెయ్యి ఆగదని నాకు తెలుసు. ఒక కాయితం నిండింది. రెండోది నిండింది. మూడోది అడిగాడు. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. ముందు వాకిట్లో గొడ్డలికి పదును పెడుతున్న చప్పుడు. ఈయన మాత్రం కామాలు సరిచూసుకుంటున్నాడు.

"చివర్ల శిక్ష రాయాలె గదా," అన్నాడు. "రెండేండ్లు సంఘం నుంచి బహిష్కారం."

"రెండేండ్లా! చాన ఎక్కువ అన్నా. ఒక్క నెల పెట్టుండ్రి."

"నెల అంటే నవ్వుతరు. సంవత్సరం."

"మూడు నెలలు."

"భాయ్, నా శిక్ష కాడ నువ్వు బేరమాడుడేంది?"

"టైలర్ను అన్నా. కత్తిరించుడు నా పని."

ఆరు నెలలకు కుదిరింది. ఆ ఆరు నెలలూ సిరిసిల్లలో ఒక మరమగ్గం మీద కూలీగా పనిచేయాలి, నాయకత్వం వద్దు, సర్క్యులర్లు అసలే వద్దు. ఆ చివరిది నేనే రాయించాను. ఆయన ఇష్టం లేకుండానే రాశాడు.

మళ్ళీ జొన్నచేను, మళ్ళీ గుట్ట. ఈసారి పై నుంచి పరుగెత్తుకుంటూ, రొప్పుతూ, చొక్కా చెమటతో తడుపుకుని ఊరి ముందుకు వచ్చాను. రొప్పడం నటన కాదు.

హన్మండ్లు కాయితాలు అందుకుని, పాత సర్క్యులర్ల పక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చాడు. 'ర'కు తలకట్టు అట్లనే ఉంది. తర్వాత గద్దె ఎక్కి చదివాడు. మూడు పేజీలు. మొదటి పేజీలో అంతర్జాతీయ పరిస్థితి. రెండో పేజీలో జనం దిక్కులు చూశారు. మూడో పేజీలో అసలు సంగతి వచ్చింది.

"...'కావున ఈ వ్యక్తి పోలీసు ఏజెంటు కాడు. బుద్ధితక్కువ మనిషి. కంచం విషయంలో అన్నం పెట్టిన ఆడవాళ్ళను అడగకుండా నడుచుకున్నాడు. ప్రాణహాని చేయరాదు. ఆరు నెలలు సిరిసిల్లలో కూలి చేసి నేర్చుకోవాలి. ఇతన్ని పట్టుకున్న కామ్రేడ్ సత్యవ్వ మన అందరికంటే తెలివిగలది. పదకొండో సర్క్యులర్ రద్దు. మల్లేశం విడుదల కోసం జిల్లా అంతా కదలాలి.'"

సత్యవ్వ చాట కింద పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె పేరు ఒక కాయితం మీద ఎవరైనా రాయడం రేషన్ కార్డు తర్వాత అదే మొదటిసారి.

"చూసినవా," అన్నాడు హన్మండ్లు, అన్నను కొట్టంలోంచి బయటికి తెస్తూ. "గదిరా అన్న అంటే! ఎక్కడో అడివిల కూసోని మా సత్యవ్వ మరిది పేరు గూడ యాది పెట్టుకున్నడు. గసోంటి మనిషి పేరు చెప్పుకొని తిరుగుతవా నువ్వు? నీకు సిగ్గున్నదా?"

"తప్పయింది," అన్నాడు రామస్వామి అన్న. ఆయన నిజంగానే అన్నాడు.

"అన్న చెప్పిండు గన్క ఇడుస్తున్నం. పో. పోయేముందు అన్నకు జిందాబాద్ కొట్టి పో."

ఆయన ఆగిపోయాడు. బతికున్న మనిషి పేరు మీద జిందాబాద్ కొట్టడం ఆయనకు పరమ అసహ్యం. అది మనిషిని దొరను చేస్తుందని ఆయన నమ్మకం. నోరు తెరిచాడు. వివరించబోతున్నాడని నాకు అర్థమైంది. "కామ్రేడ్స్, వ్యక్తిపూజ..."

గుంపులో కదలిక వచ్చింది. "చూసిన్రా! పోలీసోని నోట్లె అన్న పేరు వస్తలేదు!" గొడ్డలాయన రెండడుగులు ముందుకేశాడు, పదును పెట్టిన గొడ్డలి ఊరికే పోదేమోనన్న ఆశతో.

నేను దండం పెట్టాను. సూత్రాలన్నిటికీ కలిపి ఒక్క దండం.

ఆయన కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. పిడికిలి మెల్లగా పైకి లేచింది.

"రామస్వామన్న... జిందాబాద్."

"ఇనబడ్తలేదు!" అన్నాడు హన్మండ్లు.

"రామస్వామన్న జిందాబాద్!"

"మేక అరిసినట్టు అరుస్తవేంది? పాణం పెట్టి అను!"

ఆయన సత్యవ్వ వైపు చూశాడు. జైల్లో ఉన్న మల్లేశాన్ని తలచుకున్నాడో, వాకిట్లో ఉన్న గొడ్డలిని తలచుకున్నాడో నాకు తెలియదు. ఊపిరి బిగబట్టాడు. ముప్పై రెండంగుళాల ఛాతీలోంచి వచ్చిన ఆ మూడో కేకకు గుట్ట మీది కొంగలు లేచాయి. ఊరంతా వెంట అందుకుంది.

సత్యవ్వ దగ్గరికి వచ్చి, ఆయన అంగీకి అంటిన గడ్డిపోచలు దులిపింది.

"గట్ల," అంది. "గాయన మీద గంత ప్రేమ ముందుగాలనే సూపెడితే నిన్నెవ్వలు గట్టేద్దురు?"